ఆ పని చేసింది మేస్త్రీ గారు

మొన్న మంగళవారం కోటవురట్లలో నేను పనిచేసే బడిలో రెండో పీరియడ్ అయి, తొమ్మిదో తరగతి గదిలోంచి బయటికి వస్తుంటే మా పక్కింటావిడ ఫోన్ చేసింది. "టీచరు గారూ, మీ ఇంటి ముందు పని సేసింది సూడండి, ఆ టైల్సమ్మ... పొద్దున్న పోయిందంట" అంది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, గుండె పట్టేసినట్టుందని గుమ్మంలో కూర్చుందట. ఆటో పిలిచి ఎక్కించేలోపే ఆడపడుచు భుజం మీద తల వాల్చేసింది. అరవై కూడా నిండలేదు.

మర్నాడు సెలవు పెట్టి సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. వాళ్ళ చర్చి వీధి మలుపులో ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో సగం పైగా ఒక కాంట్రాక్టరు బొమ్మ. తెల్ల చొక్కా, రెండు చేతులూ జోడించి, ముఖాన విచారం పులుముకుని ఉన్నాడు. అట్టడుగున, మూలగా, తలకి తువ్వాలు చుట్టుకున్న ఆవిడ ముఖం, అరచేయంత. కింద రాయించిన మాటలు ఇవి: 'మా సంస్థలో ఎన్నో ఏళ్ళు నమ్మకంగా పనిచేసిన కూలీ సోదరికి అశ్రునివాళి.'

ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఆ మాటలు మళ్ళీ చదివాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆవిడ అతని సంస్థలో పనిచేయలేదు. ఆవిడ కూలీ కాదు. 'సోదరి' అన్న మాట గురించి నేను మాట్లాడకపోవడమే మంచిది. చచ్చిపోయిన మనిషి ముఖం పక్కన అంత నిబ్బరంగా అబద్ధం రాయించి నాలుగు మేకులు కొట్టి వెళ్ళిపోయాడంటే, ఈ ఊళ్ళో ఎవరూ కాదనరని అతనికి తెలుసు. అతనికలా తెలియడానికి కారణమైనవాళ్ళలో నేనూ ఉన్నాను. అది కూడా ఇక్కడ చెబుతాను.

ముందు ఆవిడని ఏమని పిలవాలో చెప్పాలి. మా వీధిలో అందరూ టైల్సమ్మ అనేవారు. నేనూ మొదట అలాగే అన్నాను. మా ఇంటి పని మొదలైన రెండో రోజు ఆవిడ మేకుకి దారం కడుతూ తలెత్తకుండానే అడిగింది.

"మీ ఇల్లు కట్టినోణ్ణి ఏటని పిలిసీవోరమ్మా?"

"మేస్త్రీ గారని."

"మరి నన్నేటి టైల్సమ్మ అంతన్నారు? నాను టైల్సు అమ్ముతానేటి?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. ఆ రోజు నుంచీ నేను మేస్త్రీ గారనే పిలిచాను. ఇక్కడా అలాగే రాస్తాను.

రావికమతం దగ్గర ఊరు వాళ్ళది. వాళ్ళ తాత మిషను వాళ్ళు బడి కట్టినప్పుడు రాళ్ళు మోశాడట, తండ్రి అదే బడిలో తోటపని చేశాడట. పెళ్ళయ్యాక నర్సీపట్నం వచ్చింది. భర్త తాపీ మేస్త్రీ. ఇళ్ళ ముందు సిమెంటు బ్లాకులు పరిపించుకోవడం మన దగ్గర మొదలైన రోజుల్లో ఇద్దరూ కలిసి ఆ పని నేర్చుకున్నారు. ఆయన జబ్బు చేసి పోయాక ఆవిడ దారం, మట్టం చూసే గొట్టం, రబ్బరు సుత్తి తన చేతిలోకి తీసుకుని, ఆడపడుచునీ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళనీ పెట్టుకుని పని సాగించింది. నలుగురూ ఆడవాళ్ళే. అందుకే ఎవరూ వాళ్ళని నేరుగా పనికి పిలిచేవారు కాదు. మధ్యలో ఒక మగవాడు ఉండాలి. అతను చొక్కా మడత నలక్కుండా కుర్చీలో కూర్చోవాలి. అప్పుడు అది కాంట్రాక్టు అవుతుంది.

నేనూ కుర్చీలో కూర్చునేవాడినే పిలిచాను.

మాది పెద బొడ్డేపల్లి వైపు ఇల్లు. వీధిలో సీసీ రోడ్డు మీద మళ్ళీ సీసీ రోడ్డు వేశారు. దాంతో రోడ్డు పైకి లేచింది, మా ఇల్లు కిందికి పోయింది. గేటు దగ్గర్నుంచి వరండా దాకా దిగుడు. వాన పడితే రోడ్డు మీది నీళ్ళన్నీ మా ముందు జాగాలోకి వచ్చి బురద. మా ఆయనకి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడం కాలు సన్నబడిపోయింది. పక్కన రెండు చక్రాలు బిగించిన స్కూటరు మీద ఆఫీసుకి వెళ్ళొస్తారు. బురదలో ఆ చక్రాలు జారిపోతాయని, స్కూటరు వీధిలోనే వదిలి చంకకర్ర ఊనుకుంటూ నడిచి వచ్చేవారు. లోపలికొచ్చేసరికి కర్రకి జానెడు బురద. ఆ దారి వేయించడం మాకు సోకు కాదు.

మా ఆయన ఆఫీసులో పై అధికారి ఒకాయన తన బావమరిది ఇలాంటి పనులు చేస్తాడని పంపించారు. అతనే ఈ ఫ్లెక్సీ మనిషి. బుల్లెట్ బండి మీద వచ్చి, ఫోన్ తీసి వరసగా ఫొటోలు చూపించాడు. ఎరుపు, బూడిద రంగు బ్లాకులు చేప పొలుసుల్లా ఒదిగిపోయిన ముంగిలి, వెనక నీలం గేటు. "ఇదంతా మన పనే మేడమ్" అన్నాడు. నేను మురిసిపోయాను. రంగు గురించి అడిగాను. డిజైను గురించి అడిగాను. కింద ఏం పోస్తావని అడగలేదు. పని ఎవరు చేస్తారని అడగలేదు. నీళ్ళు ఎటు పోతాయని కూడా అడగలేదు. నదులు ఏ వైపు పారతాయో పిల్లలకి పాఠం చెప్పే సోషల్ టీచర్ని నేను.

అతని మనుషులెవరో రెండు రోజుల్లో నున్నగా మెరిసే టైల్స్ పరిచి వెళ్ళిపోయారు. పక్షం రోజులకి గట్టి వాన పడింది. రోడ్డు నీళ్ళు ఆ నున్నటి దిగుడు మీంచి తిన్నగా మా వరండాలోకి వచ్చేశాయి. గేటు దగ్గర నాలుగు వరసలు కుంగిపోయాయి. సాయంత్రం మా ఆయన స్కూటరు దింపుతుంటే ముందు చక్రం గుంటలో పడి, బండి పక్కకి జారి, ఆయన చెయ్యి కిందేసుకుని పడిపోయారు. మణికట్టు విరిగింది. వానలో అలా పడి ఉంటే పక్కింటివాళ్ళు చూసి లేపారు. నేను బస్సు దిగి వచ్చేసరికి తడిసిన బట్టలతో వరండాలో కూర్చుని, "నేనే సరిగ్గా చూసుకోలేదు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మంట.

కాంట్రాక్టరుకి ఫోన్ చేశాను. "వానకి ఎవలేటి సేస్తారు మేడమ్? సారు బండే అలాటిది" అన్నాడు. అదే ఆఖరు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

నాకు ఆ ఫొటో గుర్తుంది. అతను పంపించింది నా ఫోన్లో ఉంది. అంత బాగా చేయడం వచ్చినవాడు మా ఇంటికొచ్చి ఇలా ఎందుకు చేశాడో తేల్చుకోవాలనిపించింది. బళ్ళో అటెండరుకి చూపిస్తే, "ఈ నీలం గేటు నక్కపల్లి రోడ్డులో రిటైరైన నర్సమ్మ గారిది కదేటండి" అన్నాడు. ఆదివారం వెళ్ళాను. ఆ ముంగిలి ఫొటోలో కంటే బాగుంది. ఒక్క బ్లాకు కదల్లేదు, మధ్యలో గడ్డి మొలవలేదు. కాంట్రాక్టరు పేరు చెబితే నర్సమ్మ గారు ముఖం చిట్లించారు.

"ఆడేటి సేసేడు? ఆడు నీడలో కూకుని టీలు తాగేడు. సేసింది ఆవిడ. మూడు వానాకాలాలైంది, సూడండి."

నంబరు తీసుకుని ఫోన్ చేశాను. మర్నాడు తెల్లవారి, వేరే పనికి పోతూ వచ్చింది. బక్కగా, పొడుగ్గా, తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. గేటు బయటే నిలబడి కుంగిన వరసలని చాలాసేపు చూసింది.

"నా నంబరు ఎక్కడిది?"

చెప్పాను. మీ పని చూశాను, చాలా బాగుంది అన్నాను.

"బాగుందని పిలిసేరా, ఇంకెవుడూ ఫోన్ ఎత్తక పిలిసేరా?"

ఆవిడ గునపం మొనతో ఒక టైలు లేపింది. కింద సన్నటి ఇసక, దాని కింద వదులు మట్టి. అందులో చిరిగిన సిమెంటు సంచులు, ఇటుక ముక్కలు, ఎవరిదో తెగిన చెప్పు. ఆవిడ ఆ మట్టిలోకి చేయి పెట్టి నొక్కింది. మణికట్టు దాకా దిగిపోయింది. చేయి అలాగే ఉంచి తలెత్తి నా వైపు చూసింది.

"ఇదిగో, మీ సారు సెయ్యి ఇరిగింది ఇక్కడ. బండి మీద కాదు."

ఇంత మందీ, మా ఆయనతో సహా, తప్పు ఆయన కాలిదో బండిదో వానదో అన్నారు. ఆవిడ ఒక్కతే చూసి చెప్పింది. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది ఆ క్షణంలోనే.

తీసుకున్న పనికి ఆవిడ షరతులు పెట్టింది. వేసిందంతా పెకలించి తీసేయాలి, పైపైన సర్దడం కుదరదు. నున్నటి టైల్స్ వద్దు, గరుకువి కావాలి. ఇక మూడోది: "ఏ పొరేసినా మీరొచ్చి సూడాలి. ఇంటోళ్ళు సూడందే నాను మూయను." నాకు బడి ఉందన్నాను. "మీరొచ్చేదాకా ఉంచుతాను" అంది. అన్నట్టే చేసింది. రోజూ సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తే నలుగురూ నా కోసం కూర్చుని ఉండేవారు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆ గుంటలో దిగి, పారతో తవ్విన లోతు చూసి, దిమ్మిసతో కొట్టిన గ్రావెల్ మీద నిలబడి, దాని మీద పోసిన సన్నటి రాతిపొడి, వాళ్ళు క్రషర్ బూడిద అనేది, చేత్తో తాకి, సరే అనాలి. అప్పుడే తర్వాతి పొర.

"నాకేం తెలుస్తుంది మేస్త్రీ గారూ?" అన్నాను ఒకసారి విసుగ్గా.

"తెలవక్కర్లేదు. మీరు సూత్తారని నాకు తెలిస్తే సాలు. పైన రాయి ఎవుడైనా పేరుస్తాడమ్మా. కిందేటుందో అడిగినోళ్ళని మోసం సెయ్యడం కట్టం."

పని చేస్తున్నంతసేపూ చర్చిలో పాడే పాటలేవో మాటలు లేకుండా గొంతులోనే తీసేది. పాట ఆగిందంటే ఎక్కడో తేడా కనబడిందని మిగతా ముగ్గురికీ తెలిసిపోయేది, చేతులు ఆపేసేవారు. పరిచిన చోట చెప్పులతో నడవదు. మొదటి రోజు మేం పేపరు కప్పుల్లో టీ ఇస్తే కప్పు తిప్పి చూసి, "గ్లాసులు లేవేటి ఇంట్లో?" అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేనేమీ అలా అనుకుని ఇవ్వలేదని చెప్పబోయాను. "అనుకోలేదు కాబట్టే అడిగేను. అనుకునోళ్ళని అడగను" అంది. అప్పటి నుంచీ స్టీలు గ్లాసుల్లోనే అందరం కలిసి వరండాలో కూర్చుని తాగాం.

నీళ్ళు పోయే వాలుని ఆవిడ వాటం అనేది. రోడ్డు నుంచి ఇంటి వైపు దిగుడు ఎలాగూ తప్పదు కనక, దారి మొత్తాన్ని కుడి పక్కకి కొంచెం, కంటికి కనబడనంత వంచింది. వరండా ముందు అడ్డంగా చిన్న కాలవ తీసి పైన ఇనప జాలీ వేసింది. రోజూ పని ఆపే ముందు గేటు దగ్గర చెంబెడు నీళ్ళు వదిలి, గొంతుక్కూర్చుని, అవి ఎటు పోతాయో చూసేది. ఒకరోజు నీళ్ళు మధ్యలో ఒకచోట ఆగాయి. పాట ఆగిపోయింది. ఆ చీకటి పడేవేళ మూడు వరసలు లేపించింది.

ఇక నేను ఎప్పటికీ మరిచిపోలేనిది చివరి రోజు సంగతి. బ్లాకుల సందుల్లో ఇసక నింపకముందు మా ఆయనని పిలిచింది. కట్టు విప్పి అప్పటికి నాలుగు రోజులైంది.

"సారూ, ఒకపాలి బండి దింపండి."

ఆయన గేటు దగ్గరే స్కూటరు మీద కూర్చుని తటపటాయించారు. వీధిలోవాళ్ళు చూస్తున్నారు. "మళ్ళీ పడితే?" అన్నారు మెల్లగా.

"పడితే నా పని తప్పు. మీ కాలిది కాదు. దింపండి."

ఆయన దింపారు. ఆవిడ నేల మీద చెంప ఆనించినంత పని చేసి చక్రాల వంకే చూసింది. మళ్ళీ ఎక్కించి దింపమంది. మూడోసారి లేచి, ఎడమ పక్క చక్రం నడిచే దారి సగం వేలు పల్లంగా ఉందని నాలుగు వరసలు తీయించి మళ్ళీ వేసింది. మామూలు కారుకైతే అది లెక్కలోకి రాదు. మా ఆయన బండికి వస్తుంది. ఇన్నేళ్ళలో ఆయన కాలి గురించి జాలి పడినవాళ్ళని చూశాను, ప్రార్థన చేస్తామన్నవాళ్ళని చూశాను. ఆ బండి చక్రం ఎక్కడ నడుస్తుందో నేల మీద పడి చూసిన మనిషిని ఆవిడనొక్కదాన్నే చూశాను. ఆ రాత్రి ఆయన అన్నం తింటూ, "ఆవిడ నన్ను మామూలు మనిషిలా కసిరింది" అన్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

పని అయిన మర్నాడు ఆవిడ పారలూ దిమ్మిసా తీసుకెళ్ళడానికి వచ్చింది. అదే సమయానికి బుల్లెట్ బండి ఆగింది. కాంట్రాక్టరు దిగి, ఏమీ జరగనట్టు, "బాగా కుదిరింది మేడమ్" అంటూ ఫోన్ తీశాడు. మా ముంగిలి ఫొటో తీయబోయాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మేస్త్రీ గారు నిలబడలేదు. నడిచి వెళ్ళి ఆ దారి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తియ్యి. నాతోనే తియ్యి."

"లెగు, పక్కకి రా" అన్నాడు.

"లెగను. నాను లేకండా ఈ పని లేదు. తియ్యి."

అతను నవ్వుతూ తీసుకుని వెళ్ళిపోయాడు. వారం తర్వాత అతని వాట్సాప్ స్టేటస్‌లో మా గేటు కనబడింది. కింది సగం కత్తిరించేశాడు. ఆవిడ లేదు. ఇప్పుడు ఫ్లెక్సీ మీద ఉన్న అరచేయంత ముఖం ఆ ఫొటోలోదే. అప్పుడు ఆవిడని కత్తిరించి పని ఉంచుకున్నాడు. ఇప్పుడు పనిని కత్తిరించి ఆవిడని ఉంచాడు.

ఇక నా సంగతి.

కిందటేడు ఒక సాయంత్రం మేస్త్రీ గారు తెల్ల చీర కట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ళ చర్చి ఆవరణ అంతా బ్లాకులు పరిపించాలని సంఘ పెద్దలు అనుకుంటున్నారట. ఆదివారం ఆరాధన అయ్యాక తేలుస్తారట. కాంట్రాక్టరు అప్పటికే వెళ్ళి మాట్లాడాడు, మా ఇంటి ఫొటోతో సహా.

"నాను సేస్తానంటే నవ్వుతారమ్మా. పెళ్ళైన కాడ్నించీ ఎరిగినోళ్ళే, ఐనా నవ్వుతారు. మీరు గవర్నమెంటు టీచరు. మీరొచ్చి, మా ఇంటి పని ఈవిడే సేసింది, మా సారు రోజూ దాని మీద ఎల్తన్నారు అని ఒక్క మాట సెప్పండి. సాలు."

ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదొక్కసారే. తప్పకుండా వస్తానన్నాను.

శనివారం మా ఆయన పై అధికారి నాకే ఫోన్ చేశారు. "మా బావమరిది విషయంలో మీరేదో మాట్లాడతారని విన్నాను. ఎందుకమ్మా ఊరికే గొడవ? మీ ఆయన నాకు తమ్ముడి లాంటివాడు" అన్నారు. అంతే. బెదిరించలేదు. కానీ ఆయన తలుచుకుంటే మా ఆయనని స్కూటరు మీద పోలేనంత దూరం బదిలీ చేయించగలరు. మా ఆయన మాత్రం, "నువ్వెళ్ళు. నాకేమైనా అయితే చూసుకుందాం" అన్నారు. ఇది రాయకపోతే ఆయనకి అన్యాయం చేసినదాన్నవుతాను. భయపడింది నేను. ఆదివారం పొద్దున్న ఆవిడ ఫోన్‌కి, పేపర్లు దిద్దే పని పడింది, రాలేను అని మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు.

పని కాంట్రాక్టరుకి ఇచ్చారు. అతను ఆవిడనే రోజుకూలీకి పిలిచాడు. తన చర్చి నేల ఇంకెవరో పాడుచేస్తారని ఆవిడ వెళ్ళింది. గ్రావెల్ సరిగ్గా పోయించనన్నాడని సగం రోజు నలుగురూ పని మానేసి అరుగు మీద కూర్చుంటే, అప్పుడు పోయించాడట. ఒక సాయంత్రం అటువైపు వెళ్తూ స్కూటీ ఆపాను. ఆవిడ మోకాళ్ళ మీద ఉంది. గొంతులో పాట లేదు.

"మేస్త్రీ గారూ, ఆ రోజు..." అన్నాను.

ఆవిడ సుత్తితో నీడలో కుర్చీలో ఉన్న కాంట్రాక్టరుని చూపించింది. "మేస్త్రీ అక్కడున్నాడమ్మా. నాను కూలీని."

తర్వాత మళ్ళీ ఆవిడతో నేను మాట్లాడలేదు. మొహం చెల్లలేదు. ఎప్పుడో ఒకసారి వెళ్ళి క్షమించమని అడగొచ్చులే అనుకున్నాను. ఆవిడ ఎక్కడికీ పోదు కదా అనుకున్నాను.

మొన్న ఆదివారం చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరు గారిని అడిగితే రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. కిందటేడు చెప్పాల్సిన మాట చెప్పాను. మా ఇంటి దారి వేసింది ఈవిడ. నక్కపల్లి రోడ్డులో నీలం గేటు ఇంటి ముందు వేసింది ఈవిడ. ఇప్పుడు మీరంతా చెప్పులు విడిచిన ఆవరణ వేసింది ఈవిడ. మలుపులో ఫ్లెక్సీ మీద రాసింది అబద్ధం. ఈవిడ మేస్త్రీ. సంఘ పెద్దలు నేల చూపులు చూశారు. ఎవరో ఒకాయన దగ్గాడు.

బయటికొస్తుంటే కాంట్రాక్టరు ఎదురొచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. "చాలా బాగా సెప్పేరు మేడమ్. మా దగ్గర పనిసేసినన్నాళ్ళూ..." అని మొదలెట్టాడు.

"మీ దగ్గర కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, పెద్దగా వినబడింది. "మీ దగ్గర ఆవిడ ఏనాడూ పనిచేయలేదు. ఆవిడ పని దగ్గర మీరు కూర్చున్నారు."

అతను నవ్వి, మోగుతున్న ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకి వెళ్ళిపోయాడు. అలాంటివాళ్ళకి సిగ్గు తెప్పించగలనని ఇంకా ఎక్కడో ఆశ ఉన్నట్టుంది నాకు. రెండు నిమిషాల మాట ఆ గోడలు దాటదని అప్పుడే అర్థమైంది. అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళలో ఎవరైనా రేపు మీ గేటు ముందు దారి వేయించుకుంటే, మేస్త్రీ గారి వల్ల నాకు తెలిసినవే మీకు చెబుతాను. మొన్న వేసింది కాదు, మూడు వానాకాలాలు తడిసింది చూపించమనండి. ఏ పొరా మీరు చూడకుండా మూయనివ్వకండి. ఫొటో చూపించినవాణ్ణి, ఆ రాళ్ళు పరిచిన చేతులు ఎవరివని అడగండి. ఆ మనిషి ఆడదైతే నేరుగా ఆవిడకే పని ఇవ్వండి. ఆవిడ వచ్చి సాక్ష్యం అడిగితే వెళ్ళండి.

ఆ ఆదివారం మేస్త్రీ గారి ఆడపడుచు చర్చి గేటు దగ్గర నా కోసం ఆగింది. వాళ్ళ పనిలోని మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ వెనక ఉన్నారు. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె వదిలించుకోలేదు.

"బాగా సెప్పేరు టీచరు గారూ" అంది. చర్చి తలుపు వైపు చూసి, "ఆ రోజూ ఆదివారమే" అంది.

నేను చేతులు వదిలేశాను. ఆమె ముఖంలో తిట్టు లేదు, క్షమ కూడా లేదు.

అప్పుడే ఆమె చూపు నా వెనక్కి పోయింది. శవపెట్టె తెచ్చిన వ్యాను సమాధి రోజున వెనక్కి తిరుగుతూ పూలమొక్కల పక్కన అంచు తొక్కినట్టుంది, ఒక బ్లాకు పైకి లేచి పక్కకి జరిగి ఉంది. ఆమె వెళ్ళి అక్కడ గొంతుక్కూర్చుంది. చేత్తో బ్లాకు తీసి, కింద బూడిద వేళ్ళతో సర్దడం మొదలెట్టింది.

"ఒగ్గీయమ్మా, కాంట్రాక్టరు సూసుకుంతాడు" అన్నారు ఒక సంఘ పెద్ద.

"ఇది ఆడేసింది కాదు" అంది ఆమె తలెత్తకుండా. "మా వొదినేసింది."

మిగతా ఇద్దరిలో ఒకామె మొక్కల్లోంచి గుండ్రాయి తెచ్చి ఇచ్చింది. ఆడపడుచు బ్లాకుని దాని చోట పెట్టి, నాలుగు మూలలా తట్టి, లేచి, కూడిక కోసం కట్టుకున్న తెల్ల చీరకి చేతులు తుడుచుకుంది. తర్వాత చెప్పులు లేని రెండు పాదాలతో దాని మీదికెక్కి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ, మధ్యాహ్నపు ఎండలో అలాగే నిలబడింది.